చిలకల ఇంటి గడియ

తలుపు మా వెనక టక్కుమని పడగానే ముందు నాకు నవ్వొచ్చింది. పాక్ మార్సుది మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

మార్సుది మా సందు పెద్ద. పాక్ అంటే మా దగ్గర అయ్యగారని. ఇండోనేషియాలో, జోగ్జా ఊళ్ళోని మా పేటలో ఎవరి గోడ ఎంత ఎత్తుండాలో, ఎవరి కోడి ఎవరి గుమ్మంలో తిరగకూడదో తేల్చేది ఆయనే. ఆ సాయంత్రం నా చిలకల సంగతి తేల్చడానికి వచ్చాడు.

చిలకలు రెండు. మండే పసుపు రంగు. అందుకే ఒకదానికి కునిర్ అని పేరు పెట్టాను, అంటే పసుపు. రెండోది జాహే, అంటే అల్లం. జాహే నోట్లో వేలు పెట్టినా కొరకదు. కునిర్ మాత్రం పుట్టు దొంగ. ఏ గడియ పెట్టినా వారం తిరక్కుండా దాని గుట్టు పట్టేస్తుంది. పోయిన నెల అలాగే బయటపడి మార్సుది ఇంటి అరుగెక్కి, ఆయన భార్య పోటీ కోసం పెంచుకుంటున్న ఆర్కిడ్ పూలను రేకు రేకూ ఒలిచి పెట్టింది.

“బయటికి రాలేని గూడు కట్టు, నేనొచ్చి చూస్తా,” అన్నాడు మార్సుది అప్పుడు. “ఇంకొక్కసారి అది బయట కనబడిందా, రెండూ పక్షుల సంతకే.”

అందుకే కట్టాను. పెరట్లో గోడవారగా మనిషెత్తు ఇనప చట్రం, పైన రేకు, చుట్టూ వేలు కూడా పట్టని సన్నకన్నుల జాలీ, లోపల జామకొమ్మలు. తలుపుకు స్ప్రింగు పెట్టాను. తనంతట తనే మూసుకుంటుంది. మూసుకోగానే బయటివైపు గడియ తన బరువుకు తనే గాడిలో పడుతుంది. నా తెలివంతా లోపలివైపు చూపించాను. అక్కడ ఏమీ లేదు. పిడి లేదు, తాడు లేదు, కునిర్ ముక్కుకు దొరికేదేదీ లేదు.

మనిషి చేతికీ దొరకదని, ఆయన్ని లోపలికి తీసుకొచ్చి చూపిస్తుంటే తలుపు పడ్డాక, ఇప్పుడే తెలిసింది.

“తియ్యి,” అన్నాడు మార్సుది.

“బయట్నించి తియ్యాలి పాక్.”

“బయటెవరున్నారు?”

“ఎవరూ లేరు. వినార్ని మీ ఇంట్లోనే ఉంది కదా, చీటీకి.”

వినార్ని నా భార్య. సందులోని ఆడవాళ్ళంతా నెలనెలా ఒకరింట్లో చేరి చీటీ తీస్తారు. ఈ నెల మార్సుది ఇంట్లో. అది అవగానే అందరూ మా పెరటి దారినే ఇళ్ళకు వెళతారు. ఈ సంగతి మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

“సందులో ఆడవాళ్ళందరూ నన్ను పిట్టల బోనులో చూస్తారన్నమాట,” అన్నాడాయన నెమ్మదిగా.

“కొమ్మెక్కి కూర్చోలేదు కదా పాక్, కిందే నిలబడ్డారు...”

“నోరు ముయ్యి వర్దోయో.”

ఆయన పెన్ను విప్పి, రీఫిల్‌ను జాలీ కన్నులో దూర్చి గడియను పొడిచాడు. రీఫిల్ వంగి అవతల పడింది. నేను జామపుల్ల పెట్టి ఎత్తాను. విరిగింది. ఆయన భుజంతో చట్రాన్ని గుద్దాడు. చట్రం కదల్లేదు.

“గట్టిగానే కట్టావు,” అన్నాడు భుజం రుద్దుకుంటూ.

“అయితే చిలకలు ఉండొచ్చా పాక్?”

“ముందు నన్ను బయటపడనీ.”

అప్పుడే నా వెనక కిణుక్కుమంది. తిరిగి చూస్తే, కునిర్ జాలీకి అతుక్కుని, కొంకిముక్కును కన్నులోంచి బయటికి చాచి, గడియను కిందనుంచి ఎత్తుతోంది. గడియ బొటనవేలంత లేచి మళ్ళీ పడింది.

నా గుండె కూడా. అది గడియ తీస్తే మేం బయటపడతాం. మాతో పాటే నా చిలకలు సంత దారి పడతాయి. నేను వీపు అడ్డం పెట్టి, జేబులోంచి మొక్కజొన్న గింజలు తీసి కునిర్‌కు అందించాను.

“ఏం చేస్తున్నావక్కడ?”

“మేత పెడుతున్నా పాక్. దాని వేళయింది.”

“మన పరువు పోతుంటే దానికి మేతా?”

కునిర్ గింజ గింజా తిన్నది. ఈకలు ఉబ్బించుకుని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, కళ్ళు సగం మూసింది. ఇక గడియ జోలికి పోదనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

సందు మలుపులో ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి.

మార్సుది టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ బట్టతలను సందంతా గుర్తుపడుతుందని గుర్తొచ్చి మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. మేత డబ్బా మీద కూలబడ్డాడు.

“రేపట్నించి నా మాట ఎవడు వింటాడు?” అన్నాడు. “మా ఆవిడ అన్నం పెట్టినప్పుడల్లా నవ్వుతుంది. బతికినంతకాలం నవ్వుతుంది.”

ఆ మొహం చూస్తూ ఇక ఊరుకోలేకపోయాను.

“పాక్, ఒక మాట. ఆ గడియ కునిర్ తియ్యగలదు.”

ఆయన తల ఎత్తాడు. “నీకెప్పట్నించి తెలుసు?”

“మేత పెట్టినప్పట్నించి.”

ఆయన చూసిన చూపును నేను మరిచిపోను. “తియ్యమను,” అన్నాడు.

“అంటే తియ్యదు. ఎవరూ చూడకుండా ఉంటేనే తీస్తుంది. దొంగ కదా.”

మార్సుది లేచి కునిర్ దగ్గరకు వెళ్ళాడు. “నాయనా కునిర్,” అన్నాడు గుసగుసగా. “మా పెరట్లో ఇంకో ఆర్కిడ్ కుండీ ఉంది. ఊదారంగుది.”

తర్వాత ఇద్దరం తలుపుకు వీపు పెట్టి గోడకేసి నిలబడ్డాం.

“ఈసారి వానలు ముందే వచ్చాయి కదూ,” అన్నాడు మార్సుది పైకి.

“అవును పాక్.”

నవ్వులు దగ్గరపడ్డాయి. వినార్ని గొంతు తెలుస్తోంది. వెనక కిణుక్కుమంది.

“వెనక్కి చూడకు.”

“మీరే చూస్తున్నారు పాక్.”

కిణుక్. కిణుక్. ఖణ్. మార్సుది ఆగలేదు. వీపుతోనే తలుపు మీద పడ్డాడు. ఇద్దరం పెరట్లోకి తూలాం. కునిర్ మా వెంటే ఎగిరి వచ్చి ఆయన టోపీ మీద వాలింది.

ఆడవాళ్ళు మలుపు తిరిగారు.

“ఏం చేస్తున్నారిక్కడ?” అన్నది, వాళ్ళను సాగనంపడానికి వచ్చిన ఆయన భార్య.

“తనిఖీ,” అన్నాడు మార్సుది చొక్కా దులుపుకుంటూ.

“నెత్తి మీద అదేంటి?”

“నేనే తెచ్చా, దగ్గరగా చూద్దామని. గడియ సంగతంటావా, స్వయంగా లోపలుండి చూశా. నాకే రాలేదు. పక్షికేం వస్తుంది? చిలకలు ఉండొచ్చు.”

వినార్ని నా వైపు చూసింది. నేను వానమబ్బు వైపు చూశాను.

ఆ రాత్రి కునిర్‌ను మళ్ళీ లోపల పెట్టి, గడియకు తీగ చుట్టి పడుకున్నాను. తెల్లారి పెరటి తలుపు చప్పుడైంది. తీశాను. ఎదురుగా మార్సుది. లుంగీ మడత ఉబ్బి ఉంది. ఆ మడత కీచుమంటోంది.

“ఇది మా ఇంటికి రాలేదు,” అన్నాడాయన.

“రాలేదు పాక్.”

“ఆ గడియ పక్షికి రాదు.”

“రాదు.”

మడతలోంచి కునిర్ తల బయటపెట్టింది. ముక్కున ఊదారంగు రేకు వేలాడుతోంది. మార్సుది దాన్ని తీసి చొక్కా జేబులో దాచుకున్నాడు. కునిర్‌ను లోపలికి వదిలి, తన సైకిల్ తాళం గడియకు వేశాడు.

కునిర్ మెల్లగా జాలీ మీదికి పాకి, తాళాన్ని ఒక కంటితో చూసింది. తర్వాత రెండో కంటితో చూసింది.

“కుర్చీలు పట్రా,” అన్నాడు మార్సుది.

ఇద్దరం కాఫీలు పట్టుకుని దాని ఎదురుగా కూర్చున్నాం. మేం చూస్తున్నంతసేపూ అది తాళం జోలికి పోలేదు.