అచ్చయమ్మగారింట్లో మూట

బాలగంగాధరానికి గుంటూరు నుంచి ఉత్తరం వచ్చిన సంగతి అమలాపురంలో ప్లీడరు మాణిక్యాలరావుగారికి తప్ప అందరికీ తెలుసు. ప్లీడరుగారికి చెవులు లేక కాదు. గుమాస్తా మాట వినడానికి వాటిని ఎప్పుడూ వాడలేదు, అంతే.

ఉత్తరం రాసినవాడు వీరవెంకటరమణ. ఒకప్పుడు ఇదే ప్లీడరుగారి దగ్గర జూనియరుగా కూర్చుని, గుంటూరుకి హైకోర్టు రాగానే తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళి అక్కడ బోర్డు కట్టినవాడు. 'నువ్వు వచ్చి నా ఆఫీసు చూసుకో. జీతం ఇప్పటికి రెట్టింపు. వచ్చే నెల పదో తారీఖు లోపల రా' అని రాశాడు. బాలగంగాధరం ఆ ఉత్తరాన్ని కొబ్బరికాయలు దింపేవాడికి కూడా చదివి వినిపించాడు. సలహా కోసమే అనేవాడు. సలహా ఎవరిక్కావాలి? పద్నాలుగేళ్ళుగా ప్లీడరుగారి బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరిగినవాడికి కావలసింది వేరే ఉంది. ప్లీడరుగారు ఆ పడకకుర్చీలోంచి లేచి, "నువ్వెళ్ళిపోతే ఎలా గంగాధరం?" అనాలి. ఆ ఒక్క మాటా అంటే చాలు, గుంటూరు ఉత్తరం పొయ్యిలో పెట్టేసేవాడు.

"ఏవండీ, వెళ్దావా, వద్దా?" అని అడిగింది భార్య కామాక్షమ్మ.

"ఆలోచిస్తున్నానే."

"ఆలోచిస్తున్నది మీరాండీ, ప్లీడరుగారా?"

బాలగంగాధరం వినపడనట్టు కండువా వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఇంతలో పురోహితుడు ఓ చిక్కు తెచ్చిపెట్టాడు. భాద్రపదం వచ్చేస్తోంది, శూన్యమాసంలో కొత్తచోటికి బయల్దేరకూడదు, ఇక మిగిలింది గురువారం పొద్దుట ఒక్క ముహూర్తమే అన్నాడు. గురువారం నాలుగు రోజుల్లో ఉంది. మనవాడికి నాలుగు రోజుల్లో అరటికాయ వేపుడో పులుసో తేలదు, ఊరు మారడం తేలుతుందా? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు స్నానం చేస్తుండగా ప్రస్థానం గుర్తొచ్చి, తడిబట్టలతోనే పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

ముహూర్తం వేళకి మనిషి కదలడానికి వీల్లేకపోతే, అతని ప్రయాణపు మూట తీసుకెళ్ళి ఇంకొకరింట్లో పెడతారు. దాన్నే ప్రస్థానం అంటారు. మూట గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. తర్వాత పదిరోజుల్లో ఎప్పుడు వెళ్ళినా దోషం లేదు. దేవుడి దగ్గర బయల్దేరినట్టూ, ప్లీడరుగారి దగ్గర ఉన్నట్టూ ఉంటుంది కదా అని బాలగంగాధరం మురిసిపోయాడు. కోర్టులో వాయిదాలు అడిగి అడిగి అలవాటుపడ్డ మనిషి, దేవుణ్ణి కూడా ఒక వాయిదా అడిగాడు.

గురువారం పొద్దుట పరుపుచుట్టలో మడత పంచెలు పెట్టి, గొడుగు గుచ్చి, నెత్తిన పెట్టుకున్నాడు. మూట పెట్టవలసింది పక్కింటి అచ్చయమ్మగారింట్లో. పక్కింటికి వెళ్ళడానికి ఆ మహానుభావుడు రెండు వీధులు చుట్టి ప్లీడరుగారి అరుగు ముందు నుంచి వెళ్ళాడు.

ప్లీడరుగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. తలెత్తి చూశారు. మూట చూశారు. కుర్చీలోంచి లేచారు. బాలగంగాధరం నడక ఆపాడు. 'అంటున్నాడు, ఇదిగో అనేస్తున్నాడు' అనుకున్నాడు. ప్లీడరుగారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

"ఒంటి బ్రాహ్మణ్ణి, నీకు ఎదురు రాకూడదని లోపలికి పోయేనయ్యా," అన్నారు ఆ మధ్యాహ్నం ఆఫీసులో. "ప్రస్థానం పెట్టేవన్నమాట. శుభం! బయల్దేరిన వాణ్ణి ఆపడం మహాపాపం. నేను చచ్చినా ఆపను."

"అంటే, ఇంకా పూర్తిగా నిశ్చయం కాలేదండీ..."

"తప్పు, తప్పు! మూట కదిలేక అలా అనకూడదు."

మర్నాడే ముమ్మిడివరం నుంచి జగ్గారావు అనే కొత్త గుమాస్తా దిగాడు. ఏ కట్టలో ఏ దావా ఉందో బాలగంగాధరం చేతే అతనికి చెప్పించారు ప్లీడరుగారు. పద్నాలుగేళ్ళ పని జగ్గారావుకి నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఆ సంగతి బాలగంగాధరాన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

ఊరు ఊరంతా అతన్ని పంపించేసింది. పాలు పోసే దుర్గమ్మ, "ఇంకా ఊళ్ళోనే ఉన్నారాండీ?" అని నోరు నొక్కుకుంది. సలహాలు చెప్పినవాళ్ళంతా ఇప్పుడు కనబడితే పక్కకి తప్పుకుంటున్నారు. ఆపితే ఆ పాపం తమకి చుట్టుకుంటుందని భయం. ఇదంతా చాలదన్నట్టు వర్షం పట్టుకుంది. గొడుగేమో మూటలో ఉంది. తడిసి ముద్దై అచ్చయమ్మగారి గుమ్మంలో నిలబడ్డాడు.

"పిన్నిగారూ, ఆ గొడుగొక్కటీ ఇప్పించండి."

"చాల్లే నాయనా!" అందావిడ లోపల్నుంచే. "వెళ్ళిన మనిషి సామాను మళ్ళీ ఇంటికి చేరితే ఏవన్నా ఉందీ? కామాక్షి పసుపు కుంకాల మాట ఆలోచించేవా? అది నా గడప దాటితే గోదారి వేపే!"

"పోనీ పరుపైనా..."

"వెళ్ళినవాడికి పరుపెందుకురా?"

తొమ్మిదో రోజుకి దగ్గు పట్టుకుంది. చాప మీద పడుకుని నడుం పట్టేసింది. ఉండిపొమ్మన్న మనిషి ఒక్కరు లేరు. పద్నాలుగేళ్ళూ తాను ఈ ఊరికి ఏమీ కానని తెలిసి, బాలగంగాధరం గోడ వైపు తిరిగి ఏడ్చాడు. కామాక్షమ్మ పోస్టుకార్డు తెచ్చి ఇచ్చింది. వస్తున్నానని గుంటూరుకి రాసి పడేశాడు.

ఆ సాయంత్రం ఆఫీసులో బీరువా వేశాడు. అలవాటుగా తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. గుమ్మం దగ్గర గుర్తొచ్చింది కాని, ఇవ్వలేదు. అడుగుతారేమో, ఆ వంకనైనా నాలుగు మాటలు మాట్లాడతారేమో అని ఒక్క క్షణం ఆగాడు. ప్లీడరుగారు జగ్గారావుతో నవ్వుతూ మాట్లాడుతున్నారు.

మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్ళాలిద్దరూ కాలవరేవులో బొబ్బర్లంక పడవ ఎక్కారు. అచ్చయమ్మగారు మూట తానే దగ్గరుండి ఎక్కించింది. పడవ కదలబోతోందనగా గట్టు మీద కేక వినిపించింది.

"గంగాధరం! ఆగవయ్యా, ఆగు!"

ప్లీడరుగారే! కండువా ఒక భుజం మీంచి జారుతుంటే, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. ఆయన ఒకరి కోసం పరిగెత్తగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. బాలగంగాధరం పడవలోంచి ఒక్క గెంతు గెంతి మోకాటిలోతు బురదలో దిగాడు. కళ్ళ నిండా నీళ్ళు.

ప్లీడరుగారు అతని భుజం పట్టుకుని రొప్పుతూ అన్నారు:

"నువ్వెళ్ళిపోతే ఎలా గంగాధరం? బీరువా తాళంచెవి నీ దగ్గరే ఉండిపోయింది. ఇవాళ నాలుగు కేసులున్నాయి!"

మొలతాడు ముడి వానకి తడిసి బిగుసుకుపోయింది. విప్పడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ప్లీడరుగారు చెయ్యి చాపుకుని నిలబడ్డారు. తాళంచెవి అందగానే, "ఆపకూడదనుకో, తప్పలేదు. ఒక్క నిమిషం కూర్చుని బయల్దేరు," అని గట్టెక్కి వెళ్ళిపోయారు.

బాలగంగాధరం బురదకాళ్ళతో పడవలోకి ఎక్కాడు. కామాక్షమ్మ మరచెంబు మూత తీసింది.

"వెనక్కి పిలిచేరు కదండీ. మంచినీళ్ళు తాగి, మళ్ళీ మంచి ఘడియ చూసుకుని..."

"అక్కర్లేదు," అన్నాడు బాలగంగాధరం. "పడవ తియ్యమను."