ఆకలి మాత్రలు

నాపరాళ్ల గనిలో సమ్మెట పట్టిన లేవి చేతులు ఇప్పుడు నీళ్ల చెంబు ఎత్తడానికే వణుకుతున్నాయి. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ గడ్డ మందులకు లొంగింది గానీ, ఒంట్లో ఉన్న కండంతా కరిగించేసింది. సంగటి వాసనకే మొహం తిప్పుకునేవాడు. భార్య విశ్వాసమ్మ బతిమాలి ముద్ద పెడితే నమిలి నమిలి, ఆమె అటు తిరగగానే ఉమ్మేసేవాడు.

కడప ఆసుపత్రిలో డాక్టరు తనూజ ఆకలి పుట్టే మాత్రలు రాసింది.

"వీటితో తిండి మీదికి మనసు పోతాది, బరువు పెరుగుతాడు. కానీ కండ పట్టాలంటే లేచి తిరగాల. కాలు వాస్తే మాత్రం వెంటనే తీసుకురామ్మా. ఈ మాత్రలకు రక్తం గడ్డకట్టొచ్చు."

కొన్నాళ్లకు లేవి మంచం మీంచే, "ఏమే, సంగటి అయిందా?" అని కేకేశాడు. పొయ్యి ముందున్న విశ్వాసమ్మకు కళ్లు చెమర్చాయి. చెనిక్కాయల పచ్చడి నూరింది, నాటుకోడి పులుసు పెట్టింది. అతని బుగ్గలు నిండాయి. కాళ్లు మాత్రం ఇంకా పుల్లల్లాగే ఉన్నాయి, పట్టుకుని లేపితే తప్ప లేవలేడు.

ఒకరోజు నూనె రాస్తుంటే ఎడమ పిక్క ఉబ్బి, వెచ్చగా తగిలింది. విశ్వాసమ్మ చెయ్యి ఆగిపోయింది. చెబితే మాత్రలు ఆపేస్తారు. ఆపేస్తే మళ్లీ ఆ బతిమాలడాలు, ఆ ఉమ్మడాలు. నూనె గిన్నె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"లెయ్యి, కడపకు పోదాం" అంది చివరికి.

"మందు నిలిపేస్తారే."

"నిలిపేయనీ. నాకు నువ్వు కావాల, నీ బుగ్గలు కాదు."

అనుకున్నట్టే కాలిలో రక్తం గడ్డకట్టింది. తనూజ ఆ మాత్రలు ఆపి, రక్తం పలచబడడానికి వేరే మందు మొదలుపెట్టింది.

"కండ పట్టడానికి ఇంకో మందు లేదా మేడం?" అంది విశ్వాసమ్మ.

"కొత్తవి పరీక్షల్లో ఉండాయి. మన దాకా రాలేదింకా. కొంచెం కొంచెంగా శానాసార్లు పెట్టు. గుడ్డు, పప్పు మానొద్దు. కుర్చీలోంచి లేపి, కూర్చోబెట్టి, మళ్లీ లేపు."

ఇంటికొచ్చాక ఆకలి పోయింది. లేవి కంచం నెట్టబోతూ విశ్వాసమ్మ చేతి వైపు చూశాడు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"నువ్వు తింటాండావా లేదా?"

ఆమె గాజుల మీదికి కొంగు లాక్కుంది.

"ఈడ కూర్చో. నువ్వు ఒక ముద్ద తింటే నేనొక ముద్ద తింటా."

అప్పటినుంచి ఒకే కంచం. అతనికి మింగుడు పడకపోయినా, ఆమె తినాలని మింగేవాడు. తిన్నాక ఆమె రెండు చేతులూ చాస్తే, పట్టుకుని కుర్చీలోంచి లేచేవాడు.

బుగ్గలు మళ్లీ లోపలికి పోయాయి. ఒక ఆదివారం పొద్దున ఆమె చేతులు చాచబోతే, "ఉండు" అని కుర్చీ పట్టుకుని తనే లేచాడు. కాస్త ఊగి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నా చెప్పులు యాడ పెట్టినావు?" అన్నాడు. "చర్చికి నడిచి పోదాం. నువ్వు బిరబిరా పోవాకు, నాతో రా."