ఖర్జూర చెట్టు కింద మరియమ్మ

అరకు శుక్రవారం సంతలో మగ్దలేనమ్మ అల్లం, మిరియాలు అమ్ముకుంటుంది. ఆమె పక్కనే జైనాబీ గాజులు పరుస్తుంది. జైనాబీది శృంగవరపుకోట. పొద్దున కిరండూల్ రైల్లో కొండెక్కి వచ్చి, మధ్యాహ్నం తిరుగు రైల్లో దిగిపోతుంది. పదహారేళ్లుగా ఇద్దరూ ఒకే టార్పాలిన్ నీడన కూర్చున్నారు, ఒకే గిన్నెలో తిన్నారు. మగ్దలేనమ్మను జైనాబీ అక్క వరసన 'అప్పా' అని పిలుస్తుంది.

రంజాన్‌కు ముందు నెలలో అది చెడింది. మగ్దలేనమ్మ వాళ్ల చర్చిలో మూడు రోజులు కూడికలు జరిగాయి. కొండ కింది నుంచి వచ్చిన ప్రసంగీకుడు, ఎప్పుడో తొమ్మిది వందల ఏళ్ల కింద యెరూషలేము కోసం క్రైస్తవులకూ ముస్లింలకూ జరిగిన యుద్ధాలను కళ్లకు కట్టినట్టు చెప్పాడు. తమవాళ్లు నరికిన సంగతి మాత్రం గబగబా దాటేశాడు. "వాళ్లతో పొత్తు వద్దు" అన్నాడు చివర్లో.

మామూలుగానైతే మగ్దలేనమ్మ ఆ మాట చెవిన పెట్టేది కాదు. కానీ కూతురు డాలీకి పెళ్లి కాకుండానే కడుపు వచ్చింది. దానికి కారకుడైన కామేష్ విశాఖ పనికి వెళ్లి, ఫోన్ కూడా ఎత్తడం మానేశాడు. సంఘంలో అందరూ గుసగుసలే. కనీసం ఈ విషయంలోనైనా మంచి విశ్వాసురాలని అనిపించుకోవాలనుకుంది. మరుసటి శుక్రవారం బుట్ట తీసుకెళ్లి సంతలో ఆ చివర పెట్టుకుంది.

"అప్పా, నా వల్ల ఏటైనా తప్పు జరిగిందా?" అని జైనాబీ వచ్చి అడిగింది.

"తప్పేటి లేదు. అక్కడ ఎండ తగుల్తంది" అని మొహం తిప్పుకుంది మగ్దలేనమ్మ.

రంజాన్ నెల రెండో శుక్రవారం డాలీ కూడా తల్లితో సంతకు వచ్చింది. ఇంకా పది రోజుల గడువుందన్నారు. పదకొండు గంటలకు మిరియాల సంచి జరుపుతూ కడుపు పట్టుకుని కూలబడింది. ఆ కేక విని, గాజులు పరిచినవి పరిచినట్టే వదిలేసి జైనాబీ పరిగెత్తుకొచ్చింది. ఆటో ఆపిందీ, డాలీని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రి దాకా పట్టుకుందీ ఆమే.

నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. పొద్దున తాగిన జావ కూడా డాలీ కక్కేసింది. "ఏదైనా కొంచెం తినిపించండి, బలం లేదు" అంది నర్సు రాజకుమారి.

జైనాబీ కొంగు ముడి విప్పింది. ఉపవాసం విడవడానికి తెచ్చుకున్న ఖర్జూరాలు అయిదు ఉన్నాయి.

"ఏటవి?" మగ్దలేనమ్మ అడ్డం పడింది.

"మరియమ్మ తల్లి తిన్నవే అప్పా. నొప్పులు పడతన్నపుడు ఖర్జూర సెట్టు కింద కూకుంది. మొదలు ఊపితే పళ్లు రాలాయి. మా ఖురాన్‌లో ఉంది."

"సెట్టు కింద కాదు. బేత్లెహేములో, పశువుల పాకలో."

"సెట్టు కిందే అప్పా."

"పాకలోనే!"

"పాకో సెట్టో, ముందు నా నడుం పట్టండి!" అని అరిచింది డాలీ. ఇద్దరూ చెరో వైపు పట్టారు. నొప్పుల మధ్య ఆ అయిదు ఖర్జూరాలూ డాలీయే తింది.

నాలుగు గంటలకు ఆడపిల్ల పుట్టింది. అప్పటికి రైలు వెళ్లిపోయింది.

వరండా బల్ల మీద మగ్దలేనమ్మ తలదించుకుని, యెరూషలేము యుద్ధాల సంగతంతా చెప్పేసింది.

"ఆ ఊరు ఎక్కడుందప్పా?" అంది జైనాబీ.

"నాకూ తెలీదు. సూడలేదు."

"దానికోసం నన్నొదిలేసినావా?" అని అడిగింది జైనాబీ. మగ్దలేనమ్మ ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

పొద్దు గుంకగానే బయటికెళ్లి అరటిపళ్లు కొని తెచ్చి, గ్లాసుతో నీళ్లిచ్చింది. జైనాబీ నీళ్లు తాగాక మగ్దలేనమ్మ నెమ్మదిగా అడిగింది. "మీ కితాబులో సెట్టు కింద కన్నాక ఏటయింది?"

"బిడ్డనెత్తుకుని ఊళ్లోకి వచ్చింది. పెళ్లి కానిదానికి బిడ్డేటని జనం నిలదీశారు. ఆ తల్లి నోరు విప్పలేదు. బిడ్డ కేసి సెయ్యి సూపించింది, అంతే. ఉయ్యాల్లో బిడ్డే మాటాడి తల్లి పరువు నిలబెట్టినాడు."

మగ్దలేనమ్మ యాభై ఏళ్లుగా చర్చికి వెళుతోంది. ఈ సంగతి ఎన్నడూ వినలేదు. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇన్ని నెలలు ఆపుకున్నదంతా ఏడ్చింది. జైనాబీ వీపు నిమురుతూ కూర్చుంది.

నెల తిరిగాక బిడ్డను చర్చికి తీసుకెళ్లారు. ప్రార్థన అయింది. సంఘపెద్ద యోనా రిజిస్టరు తెరిచి, కళ్లజోడు సర్దుకుని, "తండ్రి పేరు?" అన్నాడు. బెంచీల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

మగ్దలేనమ్మ తల దించుకోలేదు. బిడ్డను రెండు చేతులతో ముందుకు చాపింది.

"తల్లి పేరు డాలీ. అది రాయండి మామా."

యోనా బిడ్డ కేసి చూశాడు. అది ఆవులించింది. ముసలాయన పెదవుల మీద నవ్వు మెదిలింది. కలం తీసి, డాలీ అని పెద్ద అక్షరాలతో రాశాడు.

వెనక వరసలో కూర్చున్న డాలీ చేతులు చాపింది, పాలవేళ అయిందని.