పెనుకొండ బియ్యం

రాళ్ల నెక్లెసు పోయినప్పటినుంచి షమీమ్ చూపు సోమక్క చేతులను వదలడం లేదు.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న నాగభూషణం ఇంట్లో సోమక్క వంట చేస్తుంది. షమీమ్ గిన్నెలు తోమి, ఇల్లు తుడుస్తుంది. నెక్లెసు పెట్టిన బీరువా ఉన్న గదిలోకి పోయే బయటివాళ్లు ఈ ఇద్దరే. సోమవారం సాయంత్రం సోమక్క ఆ గదిలోంచి కొంగు సర్దుకుంటూ వచ్చింది. అప్పుడేమీ అనిపించలేదు గానీ, ఆ కొంగు కింద ఏముండిందా అని ఇప్పుడు షమీమ్‌కు అనుమానం. సోమక్క మాత్రం ఊరికే ఉందా? "ఆ పాపకు ఒక్క గది తుడిసేదానికి అరగంట యాల పడతాదో" అని నాగభూషణం పెళ్లాం అనసూయమ్మ చెవిలో వేయడం షమీమ్ తన చెవులతోనే విన్నది.

అనసూయమ్మ మూడు రోజులుగా మొగుడితో ఒకటే మాట. "పోలీసులూ వద్దు, పంచాయితీ వద్దు. ఆ షమీమ్‌ను మాన్పిస్తే సరిపోతాది."

"ఎవరో తేలకుండా ఎవర్ని మాన్పించేదే?" అన్నాడు నాగభూషణం. అని ఊరుకోలేదు. పెనుకొండకు పోయి, గోవిందప్ప అనే ఆయన దగ్గర మంత్రించిన బియ్యం పేపర్లో పొట్లం కట్టించుకొని వచ్చాడు. ఆ బియ్యం నమిలి ఊస్తే, తప్పు చేయనివాళ్ల నోట్లోంచి తడి ముద్దగా వస్తుందట. దొంగకు భయంతో నోరెండిపోయి పొడిపొడిగా రాలుతుందట.

మధ్యాహ్నం మూడు గంటలకు పెరట్లో ఇద్దరినీ కూర్చోబెట్టారు. పిట్టగోడ అవతలి నుంచి పక్కింటి మంజులత తల పెట్టి చూస్తోంది. షమీమ్ వాళ్లింట్లోనూ పని చేస్తుంది, దాని అవతలి ఇంట్లోనూ చేస్తుంది. దొంగ అన్న పేరు ఇక్కడ పడితే మూడిళ్లూ ఒక్క పూటలో పోతాయి. తర్వాత ఆ వీధిలో ఆమెను వాకిలి ఊడ్చేదానికి కూడా ఎవరూ పిలవరు.

సోమక్క ముందు నమిలింది. విస్తరాకులో ఊసింది. తెల్లగా, తడిగా ముద్ద పడింది. సోమక్క మూతి తుడుచుకుంటూ షమీమ్ వైపు చూసింది. అది జాలో, ఎకసెక్కమో తెలియలేదు.

షమీమ్ అరచేతిలో బియ్యం పడ్డాయి. రంజాన్ నెల. తెల్లవారకముందు తాగిన నీళ్లే. నాలుక అంగిట్లో అతుక్కొని ఉంది.

"సార్, నాకు ఒక్కపొద్దు. నోట్లో తడి లేదు. పొద్దుగూకినాక నములుతా. అందరి ముందరే నములుతా."

"చూస్తిరా, అప్పుడే సాకు," అంది అనసూయమ్మ. "మింగమన్నామా? నమిలి ఊయమంటిమి. తప్పు చేయనిదానికి నోరెందుకు ఎండుతాది?"

"అదీ నిజమే," అంది మంజులత గోడ మీదినుంచి.

నమిలితే పొడి రాలుతుంది, దొంగ. నమలకపోతే అప్పుడూ దొంగే. షమీమ్ గుప్పిట మూసింది.

"సరే సార్. ఆ గదిలోకి మీరూ పోతారు, అమ్మా పోతాది. ముందు మీరు నమలండి. ఆఖర్న నేను నములుతా."

నాగభూషణం నవ్వాడు. "నా ఇంట్లో నేనే దొంగనా? బాగుండాది," అని నాలుగు గింజలు నోట్లో వేసుకొని, కసకస నమిలి ఊశాడు. "పాసైనా చూడు. నువ్వూ కానీవే, ఈ పాపకు ఇంక మాట ఉండదు."

అనసూయమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "నాకు వద్దు. నాకీపొద్దు ఒక్కపొద్దు."

సోమక్క విస్తరాకు మడుస్తూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్లు నెమ్మదిగా అంది. "ఈపొద్దు బేస్తవారం కదమ్మా. మీ ఒక్కపొద్దు శనివారం గదా. పొద్దున మూడు దోసెలు తింటిరి. నేనే పోస్తి."

నాగభూషణం పెళ్లాం చెయ్యి పట్టుకొని అందులో బియ్యం పోశాడు. ఆ వేళ్ల సందుల్లోంచి గింజలు జారి కింద పడుతున్నాయి.

"నెక్లెసు యాడుండాదే?"

"హిందూపురంలో." ఆ గొంతు గోడ దాకా పోలేదు. "మా చెల్లెలు... వాళ్ల పాప ఫంక్షన్‌లో పెట్టుకొని ఇస్తామనె. ఇంకా పంపలే. మీరేమో వాళ్ల గడప తొక్కొద్దంటిరి. బీరువా తీసి ఒక్కసారిగా అడిగితే, ఏం చెప్పల్లో తెలీక, నెక్లెసు పోయిందంటి."

"ఏమంటాందప్పా? వినపడలే," అంది మంజులత.

అనసూయమ్మ ముఖం తుడుచుకుంది. "ఏం లేదులే. దొరికింది."

"దొరికిందా? ఎవరి దగ్గర?" అడిగింది మంజులత. కళ్లు మాత్రం షమీమ్ మీదే ఉన్నాయి.

నాగభూషణం పొట్లం చుట్టేశాడు. "తేలిపాయె గదా. మీరిద్దరూ పోయి పనులు చూసుకోండమ్మా."

షమీమ్ లేవలేదు. "మీకు తేలింది సార్. వీధికి తేలలే. ఎవరి దగ్గర దొరికిందో అడుగుతాంది ఆయమ్మ. చెప్పమనండి."

"ఇంటి గుట్టు గోడెక్కి చెప్పల్లా ఏమి?" అంది అనసూయమ్మ.

"మేం దొంగలని చెప్పింది గోడెక్కే గదమ్మా."

"నా పేరూ కలిపి చెప్పండి," అంది సోమక్క. "నన్ను గూడా కూర్చోబెడితిరి."

అనసూయమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన పొట్లం మీది పేపరు చదువుతున్నాడు. ఆమె గోడ దగ్గరికి నడిచింది.

"వీళ్లిద్దరూ తీయలేదు. నేనే మా చెల్లెలికిచ్చి, ఈయప్పకు చెప్పకపోతి."

"ఓహో," అంది మంజులత. అంతవరకు షమీమ్ మీద ఉన్న చూపు తీసి అనసూయమ్మ మీద పెట్టింది. పెట్టిన చూపు మళ్లీ తీయలేదు.

షమీమ్ బియ్యం మడిచిన విస్తరాకు మీద వదిలి, చేతులు దులుపుకొని చెప్పులేసుకుంది. సోమక్క గేటు దాకా వచ్చింది.

"నువ్వే అనుకొంటి పాపా."

"నేనూ నువ్వే అనుకొంటి."

"రేపు వస్తావా?"

"వస్తా," అంది షమీమ్. "మంజులతమ్మ ఇంటికి."