గిలేన్ సూది

“నీ చెయ్యి మరీ మొరటే,” అన్నాడు రేజాన్, చొక్కా పైకెత్తి సోఫాలో వెల్లకిలా పడుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని.

గిలేన్ ఫ్రిజ్‌లోంచి ముందే తీసి చల్లదనం తగ్గనిచ్చిన ఇంజెక్షన్ పెన్నును మొగుడి పొట్టకి ఆనించి నొక్కింది. కెనడాలో తాముండే షికూటిమి వైపు చాలా ఇళ్ళలో ఉన్న జబ్బే, పుట్టుకతోనే నెత్తుట్లో చెడ్డ కొవ్వు. రేజాన్ తండ్రి నడివయసులోనే, వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ కుప్పకూలాడు. అందుకే కొడుక్కి రెండు వారాలకొక సూది. దానికోసం బీమావాళ్ళతో పోట్లాడింది గిలేన్. మందుల షాపుకి పరిగెత్తేది గిలేన్. వెన్న లేకుండా అతనికొక వంట, వెన్నతో పిల్లకొక వంట, మిగిలినది తనకి. “మా వాడి గుండె నీ చేతుల్లో పెట్టాను,” అంటుంది అత్తగారు అరోర్, ఫోన్ చేసినప్పుడల్లా. ఆ చేతుల మనిషికీ ఒక గుండె ఉంటుందని ఆవిడకి తోచలేదు. నిజానికి గిలేన్‌కీ తోచలేదు.

ఆ చలికాలం కూతురు మెలోడీకి రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ హెచ్చుగా వచ్చింది. డాక్టరమ్మ తల్లినీ పరీక్ష చేయించుకోమంది. గిలేన్‌ది మొగుడికంటే ఎక్కువ! మాత్రలతో లొంగకపోయేసరికి ఆమెకీ అదే ఇంజెక్షన్ రాసింది.

“ఆడాళ్ళకి గుండెపోటేమిటే! ఇద్దరం రోగులమైతే ఇల్లెవరు చూస్తారు?” అని నవ్వాడు రేజాన్.

అత్తగారు నవ్వలేదు. “అయితే పిల్లకి అంటించింది నువ్వన్నమాట,” అంది. ఇద్దరిలో ఎవరినుంచైనా వచ్చి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట గిలేన్ అనేలోగా అత్తగారు ఫోన్ పెట్టేసింది. కొడుక్కుంటే వంశలక్షణం, కోడలికుంటే అంటురోగం.

మొదటిసారి సూది వేసుకునేటప్పుడు గిలేన్ వేళ్ళు వణికాయి. “కాస్త నువ్వు నొక్కవూ? భయంగా ఉంది.”

“సూదిని చూడలేనని తెలుసుగా,” అన్నాడతను, టీవీలో హాకీ ఆట మీంచి కళ్ళు తిప్పకుండా.

తొడ మీద తనే నొక్కుకుంది. చీమ కుట్టినంత. ఇంతేనా? ఈ మాత్రానికా ఇన్నేళ్ళూ నాది మొరటు చెయ్యి అయింది? కోపంతో ఒళ్ళంతా మండిపోయింది.

మళ్ళీ రేజాన్ వంతు వచ్చిన ఆదివారం పెన్ను బల్లమీద పెట్టి కోటు తొడుక్కుంది.

“మూత తీసి, ఆనించి, నొక్కు. నేనూ మెలోడీ నది దాకా నడిచొస్తాం.”

“మరి నేను?” అన్నాడు, తప్పిపోయిన పిల్లాడిలా.

వంతెన దగ్గరికి చేరకముందే అత్తగారి ఫోన్. “వాడా పెన్ను పట్టుకుని వణికిపోతున్నాడట! నీకు మనసెలా ఒప్పిందే?”

“నేను వణికినప్పుడు ఎవరి మనసూ కష్టపడలేదు అత్తయ్యా,” అంది గిలేన్.

కాసేపటికి రేజాన్ మెసేజ్: ‘వేసుకున్నా. భోజనానికి వస్తారా?’ గిలేన్ ఫోన్ జేబులో పెట్టేసింది.

“నాకూ ఎప్పటికైనా సూది కావాలంటే నువ్వే వేస్తావా అమ్మా?” అంది మెలోడీ.

“వేసుకోవడం నేర్పుతాను,” అంది గిలేన్. “మొగుడికి వెయ్యడం మాత్రం నేర్పను.”