కుంకుమ తుడిచిన చుక్క

నేను ఒక ఆల్కహాల్‌ను. కంగారు పడకండి, తాగే రకం కాదు. నన్ను తాగితే ముందు ఆసుపత్రి, ఆ తర్వాత దేవుడు. ఐసోప్రొపైల్ అని నా పేరు. చమురు శుద్ధి చేసేచోట పుట్టే ఒక వాయువును నీటితో కలిపి నన్ను తయారుచేశారు. జిడ్డునూ జిగురునూ కరిగిస్తాను, తడి జాడైనా మిగల్చకుండా గాలిలో కలిసిపోతాను. నిప్పు దగ్గర మాత్రం నన్ను నమ్మకండి.

నా తోటివాళ్లు కొందరు మందుల కంపెనీల్లో పొడులు కడిగారు, కొందరు అచ్చు యంత్రాల మీద సిరా తుడిచారు. మూతులకు గుడ్డలు కట్టుకు తిరిగిన జబ్బు కాలంలో జనం మమ్మల్ని తీర్థంలా అరచేత పట్టారు. తగ్గాక, ఏరు దాటి తెప్ప తగలేసినట్టు మరిచిపోయారు. నేను మాత్రం నర్సరావుపేటలో, టేపు రికార్డర్లు బాగుచేసే ఖాదర్ బాషా బల్ల మీద, చిన్న సీసాలో కలలు కంటూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం సామ్రాజ్యమ్మగారు టేపు రికార్డరును పసిబిడ్డలా కొంగులో చుట్టి తెచ్చింది. అందులో ఒకే క్యాసెట్టు, పోయిన భర్త గొంతుతో. బతికినన్నాళ్లూ ఆయన ఆవిడను ‘ఏమేవ్’ అనే పిలిచాడట. పేరు పెట్టి పిలిచింది ఒక్కసారే, ఈ యంత్రం కొన్నరోజు, ఈ క్యాసెట్టులోనే. ఇప్పుడు మీట నొక్కితే గురగుర తప్ప మాట లేదు, టేపు లోపల చుట్టుకుపోతోంది. ఇంకోసారి చుట్టుకుంటే తెగిపోతుందని ఖాదర్ చెప్పాడు.

క్యాసెట్టు పెట్టే తలుపు తీసి చూస్తే సంగతి తేలింది. ప్రతి దసరాకూ ఆవిడ యంత్రానికి ఆయుధపూజ చేసి, ఆయన గొంతు వచ్చేది అక్కడినుంచేనని, టేపు ఒరుసుకునే హెడ్డుకే నూనెలో తడిపిన కుంకుమ పెట్టింది. భక్తి ఎక్కువైతే దేవుడికైనా ఊపిరాడదు.

“కుంకుమ తుడవాల పెద్దమ్మా,” అన్నాడు ఖాదర్, గొంతు తగ్గించి.

ఆవిడ వేలితో బోసి నుదురు తడుముకుంది.

“నా మొహానిది తుడిచేటప్పుడు ఎవురూ అడగలేదయ్యా. నువ్వు అడిగావు. తుడువు.”

అతను దూది చుట్టిన పుల్లను నాలో ముంచాడు. నూనె జిడ్డు కరిగి ఎరుపు ఊడివస్తుంటే నాకు దుఃఖం వచ్చింది. అన్ని దసరాల ప్రేమ అది. హెడ్డు మెరిసింది. నేను తేలికైపోయి, సగం గాలినై, ఆ కొట్టు కప్పుకింద తేలుతూ విన్నాను.

ఖాదర్ మీట నొక్కాడు. ముందు దగ్గు. తర్వాత మగగొంతు, కొత్త యంత్రం ముందు కాస్త సిగ్గుపడుతూ:

“సామ్రాజ్యం, ఇది పనిచేస్తందంటావా?”

ఆవిడ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

“చేస్తందండీ,” అంది.