ఒగ్గేసిన ఇంటి బరువు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో శ్రీముఖలింగం దగ్గరి తల్లీపిల్లల కేంద్రానికి నర్సమ్మగా వచ్చిన రోజున నీలవేణి చేతికందిన లెక్క నలభై రెండు. మూడు ఊళ్లలో కలిపి కడుపుతో ఉన్నవాళ్లు అంతమంది. పొద్దున్నే పాలపొడి కలిపి పిల్లలకు పోసి, తోలుసంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. లెక్కలంటే ఆమెకు సరదా. ఆరు నెలల్లో ముప్ఫై ఏడు పురుళ్లు. మిగతా అయిదుగురూ తొలిచూలువాళ్లు, పుట్టిళ్లకు వెళ్లిపోయారు. ఆ పేర్లు కొట్టేస్తే మిగిలింది సున్నా. డాక్టరుగారు మెచ్చుకున్నారు.

మర్నాడు సంచీ ఒక పట్టాన లేవలేదు.

ఆ సంచీ అంతే. చూడాల్సిన ఇంటిని వదిలేస్తే బరువెక్కుతుంది. నర్సమ్మ వంగి నడుస్తుంటే, ఏ వీధి మిగిలిపోయిందో అని ఊళ్లోవాళ్లు వాకబు చేసేవారు.

"ఎవులింటిని ఒగ్గేసినావమ్మా?" అంది కేంద్రంలో ఆయా అసిరమ్మ.

నీలవేణి రెండుసార్లు కూడింది, రెండుసార్లు తీసేసింది. తప్పు దొరకలేదు. మూడు రోజులు అలాగే మోసింది. భుజం కమిలిపోయింది. నాలుగో రోజు పాలు పోస్తూ పోస్తూ ఆగి, అసలు సంగతి అసిరమ్మకు చెప్పేసింది. ఆ అయిదుగురిలో కూర్మమ్మ అనే పిల్ల పుట్టింటికి వెళ్లేముందు కాళ్లు చూపించింది. వేలితో నొక్కితే గుంట పడింది. పుట్టింటి ఊరు చూసే ఏటి అవతలి నర్సమ్మకు చీటీ రాయాలి. రేపు రాద్దామనుకుని, ముందు పేరు కొట్టేసింది.

"మరి ఆ నర్సమ్మకాడ ఈ పిల్ల పేరే ఉండదు గదా," అంది అసిరమ్మ. తిట్టినా బాగుండేదనిపించింది నీలవేణికి.

ఇద్దరూ వంశధార దాటారు. కూర్మమ్మ పుట్టింటి వాకిట్లో సంచీ జారి నేలలో దిగబడింది. తల్లి మరిడమ్మ మురిసిపోతూ ఎదురొచ్చింది.

"సూడమ్మా, పుట్టింటి కూడు మా పిల్లకి ఎలాగ ఒంటబట్టినాదో."

లోపల కూర్మమ్మ ముఖం ఉబ్బిపోయి ఉంది. రెండు రోజులుగా తలనొప్పి, చూపు మసక.

"అది ఒళ్లు కాదు పిన్నీ, నీరు. ముందే చెప్పాల్సింది నేను. చెప్పలేదు. బండి కట్టించు."

పురిటికొచ్చిన పిల్లని గడప దాటిస్తే నలుగురూ ఏమంటారని మరిడమ్మ గునిసింది. గునుస్తూనే, దారికి అడ్డమని సంచీని జరపబోయింది. రెండు చేతులతో లాగినా కదల్లేదు. ఆ సంచీ సంగతి కూతురు చెప్పగా విన్నదే. కొడుకు గంగరాజును ఎడ్లు కట్టమంది.

పెద్దాసుపత్రిలో మూడో రోజున కూర్మమ్మ కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. పక్కన పిడికెడంత ఆడపిల్ల. మరిడమ్మ దండం పెట్టబోతే నీలవేణి ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది.

సంచీ ఎత్తి చూసింది. తేలికైంది గానీ, చీటీ రాయకుండా పేరు కొట్టేసిన మిగతా నలుగురి బరువు ఇంకా ఉంది. వాళ్లలో దాలమ్మ పుట్టిల్లు నెల్లిమర్ల పక్కన. అటువైపు బస్సు ఎన్నింటికో కనుక్కుందామని నీలవేణి రోడ్డు మీదికి నడిచింది.